మొదటి ప్రోగ్రామ్ నల్ల స్క్రీన్ మీదే ఆగిపోకూడదు: ఒక్క డెస్క్‌టాప్ విండో కట్టి చూడండి

"అన్నా, పైథాన్ బేసిక్స్ అయిపోయాయి. నెక్స్ట్ ఏం నేర్చుకోవాలి?" ఊరికి వెళ్లిన ప్రతిసారీ బీటెక్ జూనియర్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే. యూట్యూబ్‌లో దీనికి రెండే జవాబులు దొరుకుతాయి. ఒకటి వెబ్ డెవలప్‌మెంట్, రెండోది ఏఐ. నా జవాబు కొంచెం పాతకాలం మనిషి చెప్పినట్టు ఉంటుంది: ముందు ఒక డెస్క్‌టాప్ విండో కట్టండి. రెండు బాక్సులు, ఒక బటన్, కింద ఒక టేబుల్. అది ఇంట్లో ఎవరో ఒకరు నిజంగా వాడాలి. ఆ తర్వాత ఎటు వెళ్లినా పర్లేదు.

మన సైట్లో ఎప్పుడూ ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించే మాట్లాడుకుంటాం కదా, మధ్యలో ఈ గోల ఏంటి అనుకోవచ్చు. కానీ ఇక్కడ చదివేవాళ్లలో చాలామంది కొత్త ల్యాప్‌టాప్ కొనేది "కోడింగ్ కోసం" అనే పేరు చెప్పే. కొన్నాక ఆ కోడింగ్ ఎక్కడ ఆగిపోతుందో కూడా ఒకసారి మాట్లాడుకుందాం.

ఆగిపోయేది ఎక్కడ?

మన కాలేజీ ల్యాబుల సంగతి తెలిసిందే. చాలాచోట్ల ఇప్పటికీ డాస్‌బాక్స్‌లో టర్బో సీ నీలం స్క్రీన్ నడుస్తోంది. అందులో ఫిబొనాచీ సిరీస్, ప్రైమ్ నంబర్లు, మ్యాట్రిక్స్ గుణకారం చేస్తాం. నల్ల స్క్రీన్ మీద నాలుగు అంకెలు వస్తాయి, రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటాం. జావా పేపర్‌లో ఏడబ్ల్యూటీ, స్వింగ్ అని ఒక యూనిట్ ఉంటుంది గానీ అది సెమిస్టర్ చివర్లో వస్తుంది. చాలామంది దాన్ని చాయిస్‌లో వదిలేస్తారు.

దీనివల్ల జరిగే నష్టం మార్కుల్లో కనిపించదు. రెండేళ్లు కోడింగ్ చదివిన పిల్లకి ఇంట్లో అమ్మకి చూపించడానికి ఒక్క వస్తువు ఉండదు. "ఏం నేర్చుకున్నావమ్మా?" అంటే నల్ల స్క్రీన్ చూపించాలి. వాళ్లకి అర్థం కాదు. కొన్నాళ్లకి తనకీ అర్థం కాదు, తను నేర్చుకున్నది ఎందుకు పనికొస్తుందో. "కోడింగ్ నాకు రాదు" అనే మాట మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. నిజానికి రాకపోవడం కాదు, చేసిన పని కంటికి కనపడకపోవడం.

ప్రపంచం ఈ నల్ల స్క్రీన్ నుంచి బయటపడి చాలాకాలమైంది. మౌస్‌తో నడిచే జిరాక్స్ వాళ్ల ఆల్టో కంప్యూటర్ 1973లోనే వచ్చింది. 1984లో యాపిల్ మెకింటాష్, 1985లో విండోస్ మొదటి వెర్షన్ వచ్చాయి. మనం మాత్రం మొదటి రెండేళ్లు 1973కి ముందు కాలంలో ఉండి, మూడో ఏడాదిలో ఒక్కసారిగా రియాక్ట్‌లోకి దూకుతున్నాం.

మరి వెబ్‌తోనే మొదలుపెట్టొచ్చు కదా?

పెట్టొచ్చు. కానీ కొత్తవాళ్ల తల మీద ఎంత బరువు పడుతుందో లెక్క వేయండి. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, వెనకాల ఒక సర్వర్, దానికో డేటాబేస్, అన్నీ అయ్యాక హోస్టింగ్. ఒక బటన్ నొక్కితే ఒక లైను సేవ్ అవ్వడానికి ఇన్ని ముక్కలు కలవాలి. ఎక్కడ తెగిందో వెతకడానికే వారం పోతుంది.

డెస్క్‌టాప్ విండోకి ఒకే భాష, ఒకే ఫైల్ చాలు. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేస్తే టికింటర్ దాంతోపాటే వస్తుంది. డేటా దాచడానికి కావాల్సిన ఎస్‌క్యూలైట్ కూడా పైథాన్‌లోనే ఉంది. నెట్ అక్కర్లేదు, అకౌంట్ అక్కర్లేదు, క్రెడిట్ కార్డ్ అక్కర్లేదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ కూడా చక్కగా లాగేస్తుంది.

"డెస్క్‌టాప్ చచ్చిపోయింది బ్రో" అనేవాళ్లు ఒకసారి చోడవరమో అనకాపల్లో వెళ్లి బజారులో నడిచి చూడాలి. అకౌంట్స్ రాసే చోట టాలీ ఉంటుంది. పెళ్లికార్డులు వేసే డీటీపీ షాపుల్లో అను ఫాంట్లు, వాటి పక్కన 2001లో చివరి పెద్ద వెర్షన్ వచ్చిన పేజ్‌మేకర్ ఇంకా కనిపిస్తాయి. లారీ కాటా దగ్గర బరువు తీసుకుని రసీదు కొట్టేది కూడా ఏదో ఒక విండో ప్రోగ్రామే. మన చుట్టూ డబ్బు చేతులు మారే చాలా కౌంటర్ల మీద ఉన్నది డెస్క్‌టాపే.

దేవరాపల్లిలో ఒక బాకీ పుస్తకం

మాది దేవరాపల్లి. రైవాడ రిజర్వాయర్ ఉన్న మండలం. ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. ఇక్కడ మా బాబాయికి ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. వాళ్లమ్మాయి, అంటే నా చెల్లి, డిప్లొమాలో కంప్యూటర్స్ తీసుకుంది. రెండో ఏడాది సెలవులకి వచ్చినప్పుడు "నాకిది వద్దన్నయ్యా, డిగ్రీలో చేరిపోతాను" అని ఏడుపు మొహం పెట్టింది. సీ ల్యాబ్ పోయింది. తనకి లాజిక్ రాదని ఎవరో చెప్పారట, తనూ నమ్మేసింది.

షాపులో ఒక పెద్ద బాకీ పుస్తకం ఉంది. రైతులు ఖరీఫ్‌లో యూరియా, డీఏపీ అరువుకి తీసుకెళ్తారు. పంట అమ్మాక వచ్చి కడతారు. కట్టే రోజు బాబాయి ఆ మనిషి పేరున్న లైన్లన్నీ పేజీలు తిప్పి వెతికి, కాలిక్యులేటర్ మీద కూడి, మొత్తం చెప్పాలి. చెల్లికి ఇదే పని ఇచ్చాను. పేరు, సరుకు, రూపాయలు అని మూడు బాక్సులు, "రాయి" అని ఒక బటన్, కింద టేబుల్.

నాలుగు రోజుల్లో విండో లేచింది. బాబాయి కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "బాగుందే అమ్మా. మరి మన దగ్గిర అప్పారావులు ముగ్గురున్నారు. ఎవడి బాకీ ఎవడి మీద రాసేస్తాది ఇది?"

చెల్లి నా వైపు చూసింది. నేనేం మాట్లాడలేదు. ఆ సాయంత్రం తనే ఊరు, తండ్రి పేరు కోసం ఇంకో రెండు బాక్సులు పెట్టింది. పక్క రోజు అదీ సరిపోలేదని ప్రతి రైతుకీ ఒక నంబర్ ఇచ్చింది. డీబీఎంఎస్ పుస్తకంలో ప్రైమరీ కీ అనే పదాన్ని తను మూడుసార్లు బట్టీ పట్టి ఉంటుంది. అది ఎందుకు కావాలో తెలిసింది మాత్రం ముగ్గురు అప్పారావుల వల్ల.

రెండో గొడవ ఇంకా పెద్దది. బటన్ నొక్కాక ఏమీ కదిలినట్టు కనపడలేదని బాబాయి ఇంకోసారి నొక్కాడు. ఒక రైతు పేరు మీద రెండు బస్తాల బాకీ రెండుసార్లు పడింది. ఇది ల్యాబ్ రికార్డులో తప్పు కాదు కదా, ఒక మనిషి ఇవ్వక్కర్లేని డబ్బు. చెల్లి ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు నొక్కగానే బటన్ ఆగిపోయి, "రాసేశాను" అని పచ్చరంగులో చూపించి, బాక్సులు ఖాళీ అయ్యాకే మళ్లీ పనిచేసేలా మార్చింది. తప్పు పడితే కొట్టేయడానికి ఇంకో బటన్ పెట్టింది, కానీ కొట్టేసిన లైను చెరిగిపోకుండా గీత గీసినట్టు కనిపించేలా. పుస్తకంలో బాబాయి చేసేది అదే కాబట్టి.

ఆ సీజన్ మొత్తం పుస్తకం, ప్రోగ్రామ్ రెండూ పక్కపక్కనే నడిచాయి. వారానికోసారి రెండింటి మొత్తాలూ సరిచూసేవారు. నా లెక్కలో అది కూడా చదువే. సాఫ్ట్‌వేర్ ఇండస్ట్రీలో దానికి పెద్ద పేర్లున్నాయి. డిగ్రీ మాట మళ్లీ రాలేదు.

కొత్తవాళ్లు తెలుసుకోవాల్సిన నాలుగు విషయాలు

సరే, టెక్నికల్‌గా మాట్లాడుకుందాం. విండో కట్టేటప్పుడు అందరూ తగిలి పడే రాళ్లు దాదాపు ఇవే.

మొదటిది, ప్రోగ్రామ్ నడిచే పద్ధతే మారిపోతుంది. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ పైనుంచి కిందికి నడిచి అయిపోతుంది. విండో ప్రోగ్రామ్ అలా అయిపోదు. చివర్లో మెయిన్‌లూప్ అని పిలిచాక అది షాపు తెరిచి కూర్చున్న మనిషిలా ఎదురుచూస్తుంది. ఎవరో వచ్చి బటన్ నొక్కితే దానికి సంబంధించిన ఫంక్షన్ నడుస్తుంది, మళ్లీ ఎదురుచూపు. దీన్నే ఈవెంట్ లూప్ అంటారు. బటన్‌కి ఫంక్షన్ పేరు ఇచ్చేటప్పుడు పక్కన బ్రాకెట్లు పెట్టకూడదు. పెడితే నొక్కకముందే, విండో తెరుచుకునేటప్పుడే ఆ ఫంక్షన్ ఒకసారి నడిచేస్తుంది. తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. "బటన్ పనిచేయట్లేదు" అని వచ్చే సందేహాల్లో చాలావాటికి మందు ఇదే.

రెండోది, విండో బిగుసుకుపోవడం. బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌లో పది సెకన్ల పని పెట్టారనుకోండి, ఆ పది సెకన్లూ లూప్ ఆగిపోతుంది. విండో కదలదు, పైన "నాట్ రెస్పాండింగ్" అని వస్తుంది. కౌంటర్ మనిషి సరుకు తేవడానికి గోడౌన్‌కి వెళ్లిపోతే ముందు నిలబడ్డవాళ్లకి ఎవరు సమాధానం చెబుతారు? అందుకే కొంతసేపు ఆగి చేయాల్సిన పనికి స్లీప్ వాడకుండా టికింటర్‌లో ఉన్న ఆఫ్టర్ వాడాలి. నిజంగా బరువైన పనిని వేరే థ్రెడ్‌కి ఇవ్వాలి. ఆ థ్రెడ్ నుంచి నేరుగా విండోని ముట్టుకోకుండా, ఫలితం మాత్రం మెయిన్ థ్రెడ్‌కి పంపాలి.

మూడోది లేఅవుట్. ప్యాక్, గ్రిడ్ అనే పద్ధతులుంటాయి. ఒకే ఫ్రేమ్‌లో రెండూ కలిపితే టికింటర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఫారంలాంటి వాటికి గ్రిడ్ హాయి. పిక్సెల్ నంబర్లు ఇచ్చి బాక్సుల్ని మేకు కొట్టినట్టు అతికించొద్దు. మీ స్క్రీన్ మీద బాగుంటుంది, పక్కింటి ల్యాప్‌టాప్‌లో సగం బటన్ కింద మునిగిపోతుంది.

నాలుగోది, లెక్క వేరు, కిటికీ వేరు. బాకీ కూడే ఫంక్షన్ లోపల బాక్సులు, బటన్ల పేర్లు ఉండకూడదు. దానికి అంకెలు ఇస్తే అంకె తిరిగి ఇవ్వాలి, అంతే. అప్పుడు రేపు విండో తీసేసి వెబ్‌పేజీ పెట్టినా లెక్క మారదు. ఇంకో మాట. డబ్బుని దశాంశ సంఖ్యల్లో పెట్టకండి. పైథాన్‌లో 0.1, 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, మీరే చేసి చూడండి. పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యగా దాచండి.

బటన్ మీద తెలుగు

బాబాయి ప్రోగ్రామ్‌లో "సేవ్" బదులు "రాయి" అని ఉంది. సరదాకి పెట్టింది కాదు. వాడే మనిషి మాట బటన్ మీద ఉంటే ట్రైనింగ్ అక్కర్లేదు. పెద్ద సాఫ్ట్‌వేర్లను తెలుగులోకి తేవడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి సంస్థలు ఏళ్ల తరబడి పనిచేశాయి. మీ చిన్న విండోకి ఆ పని ఒక పూటలో అయిపోతుంది.

కానీ తెలుగుతో కొన్ని చిక్కులున్నాయి. "జ్యోత్స్న" కంటికి రెండక్షరాలు. పైథాన్‌ని పొడవు అడిగితే 9 అంటుంది, ఎందుకంటే అది హల్లులు, పొల్లులు, గుణింతపు గుర్తులు అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. కాబట్టి "పేరు పది అక్షరాలు దాటకూడదు" లాంటి నియమం పెడితే పాపం జ్యోత్స్న తన ఇంటిపేరు రాసుకోలేదు. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయే ఎత్తు ఇస్తే కింద వత్తులు తెగిపోతాయి. విండోస్ 10, 11లో నిర్మలా యూఐ ఫాంట్ ఉంటుంది, అది వాడండి. లైనక్స్‌లో టికె 8.6 వత్తులు కలపడంలో తడబడుతుంది. అక్కడ తెలుగు ముఖ్యమైతే క్యూటీ వైపు వెళ్లడం మంచిది.

ఏ టూల్ తీసుకోవాలి?

ఇది రివ్యూ సైట్ కాబట్టి ఈ ముక్క లేకపోతే మీరు ఒప్పుకోరు.

టికింటర్: దీని వెనకున్న టికెని జాన్ ఔస్టర్‌హౌట్ 1990ల మొదట్లో బర్క్‌లీలో తయారుచేశారు. చూడ్డానికి పాతకాలపు వాసన కొడుతుంది. టీటీకే విడ్జెట్లు వాడితే కాస్త మెరుగు. పైథాన్‌తో వచ్చే ఐడిల్ ఎడిటర్ రాసింది దీంతోనే. మొదటి నెలకి నా ఓటు దీనికే. ఉబుంటులో మాత్రం దీని ప్యాకేజీ విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

పైసైడ్ 6: నార్వేలో పుట్టిన క్యూటీకి పైథాన్ రూపం. వీఎల్‌సీ ప్లేయర్ విండో క్యూటీతోనే కట్టారు. అందంగా ఉంటుంది, తెలుగు బాగా చూపిస్తుంది. డౌన్‌లోడ్ బరువు, నేర్చుకోవాల్సింది ఎక్కువ. రెండో ప్రాజెక్ట్‌కి సరైనది.

సీ షార్ప్, విన్‌ఫామ్స్: బటన్‌ని మౌస్‌తో లాగి ఫారం మీద పడేయొచ్చు. 1991లో విజువల్ బేసిక్ పాపులర్ చేసిన సుఖం ఇది. కానీ విజువల్ స్టూడియోకి కొన్ని జీబీల స్థలం కావాలి, మొబైల్ డేటా మీద బతికేవాళ్లకి కష్టం.

ఎలక్ట్రాన్: వీఎస్ కోడ్ దీని మీదే నడుస్తుంది. ప్రతి యాప్ లోపల ఒక క్రోమియం బ్రౌజర్ కూర్చుంటుంది కాబట్టి ఖాళీ విండో కూడా వంద ఎంబీ దాటేస్తుంది. మొదటి మెట్టుకి వద్దు.

ఫ్లట్టర్: విండోస్ సపోర్ట్ 2022లో స్టేబుల్ అయింది. అదే కోడ్‌తో ఆండ్రాయిడ్ యాప్ కూడా కావాలంటే మంచి దారి. డార్ట్ అనే కొత్త భాష నేర్చుకోవాలి.

ల్యాప్‌టాప్ లేదా? ఆండ్రాయిడ్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్‌లో టికింటర్ నడుస్తుంది. చిన్న స్క్రీన్ మీద ఇబ్బందే, కానీ ఈవెంట్ లూప్ అర్థం కావడానికి ఆ ఫోన్ చాలు.

నాకు వచ్చే రెండు అభ్యంతరాలు

"టికింటర్ వస్తే ఎవరు జాబ్ ఇస్తారు?" ఎవరూ ఇవ్వరు. రెజ్యూమేలో ఆ పదానికి పెద్ద విలువ లేదు. నేను ఆఫీసులో రాసేది కూడా అది కాదు. కానీ బటన్‌కి ఫంక్షన్ కట్టడం, లూప్‌ని ఆపకపోవడం, లెక్కనీ తెరనీ విడదీయడం, ఇవే రియాక్ట్‌లో, ఆండ్రాయిడ్‌లో వేరే పేర్లతో వస్తాయి. అవి ముందే తెలిసినవాడికి కొత్త ఫ్రేమ్‌వర్క్ అంటే కొత్త స్పెల్లింగ్ మాత్రమే. ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి" అన్నప్పుడు కాలేజీ బయట కొన్న ప్రాజెక్ట్ రిపోర్ట్ అప్పజెప్పడం ఒకటి, ముగ్గురు అప్పారావుల కథ చెప్పడం ఇంకొకటి.

"ఏఐని అడిగితే నిమిషంలో విండో కోడ్ ఇచ్చేస్తుంది కదా?" ఇస్తుంది. వాడండి కూడా. కానీ అరువు షాపులో కొట్టేసిన లైను కనిపిస్తూనే ఉండాలని దానికి ఎవరు చెప్పాలి? ఆ షాపులో కూర్చున్న మనిషే చెప్పాలి. పైగా రెండుసార్లు పడిన బాకీకి సంజాయిషీ చెప్పాల్సింది ఏఐ కాదు, ఆ ప్రోగ్రామ్ ఇచ్చిన మీరు. మీకు అర్థంకాని కోడ్‌కి మీరు హామీ ఉండలేరు.

డెస్క్‌టాప్‌కీ హద్దులున్నాయి. ఇద్దరు మనుషులు రెండు ఊళ్ల నుంచి ఒకే ఖాతా చూడాలంటే వెబ్ కావాల్సిందే. హార్డ్‌డిస్క్ పోతే డేటా పోతుంది కాబట్టి రోజూ ఆ ఎస్‌క్యూలైట్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసే అలవాటు ఉండాలి. పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్ఈ చేసి ఇచ్చినప్పుడు కొన్ని యాంటీవైరస్‌లు లేనిపోని అనుమానం పడతాయి. ఆ తిప్పలు కూడా తప్పవు, అవన్నీ పాఠాలే.

కొత్త కోర్సు కొనకముందు ఇంట్లో ఒకసారి వెతకండి. గీతలు గీసిన పుస్తకం ఏదో ఒకటి దొరుకుతుంది. పాల లెక్క, చీటీల లెక్క, చెరకు టన్నుల లెక్క, ట్యూషన్ ఫీజుల లెక్క. అందులో ఎన్ని గీతలున్నాయో అన్ని బాక్సులు. ఆ పుస్తకం రాసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి. విండో ఎంత అందంగా ఉందో వాళ్లకి అక్కర్లేదు. "మరి ఇలా అయితే ఏం చేస్తుంది?" అని వాళ్లు అడిగే మొదటి ప్రశ్నే మీ అసలు సిలబస్.